ఆరోగ్య బీమాలో స్మార్ట్ కార్డు పెడితే మోసాలు ఆగుతాయా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తాను. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకంలో దొంగ క్లెయిములు పెరిగాయి. లబ్ధిదారులందరికీ ఫొటో, వేలిముద్ర ఉన్న చిప్ కార్డులు ఇస్తే వాటికి అడ్డుకట్ట పడుతుందని ఒక కంపెనీ మీ కమిటీకి ప్రజెంటేషన్ ఇచ్చింది. నమ్మొచ్చా, టెండరులో ఏం రాసుకోవాలి అని అడిగారు.

నేను క్లెయిముల తనిఖీలో చాలా ఏళ్లు పనిచేశాను. అందులో కొన్నేళ్లు కార్డు ప్రాజెక్టుల్లోనే గడిచాయి. కాబట్టి సూటిగానే చెప్తాను. కొన్ని రకాల మోసాలకు కార్డు నిజంగానే అడ్డం పడుతుంది. కానీ నేను చూసిన పెద్ద మోసాల్లో చాలావాటికి కార్డు అడ్డమే కాదు. సరిగ్గా పెట్టకపోతే వాటికి సాక్ష్యంగా కూడా పనికొస్తుంది: "కార్డు పెట్టారు, వేలిముద్ర కలిసింది, ఇంకేం కావాలి?" అంటారు.

కార్డు తేల్చేది ఒక్కటే విషయం. కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి పథకంలో ఉన్న మనిషేనా కాదా అన్నది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేరడం, లేని మనుషుల పేర్ల మీద బిల్లు పెట్టడం, ఒకే కుటుంబం రెండు పేర్లతో నమోదై పరిమితిని రెండుసార్లు వాడుకోవడం లాంటివి మనిషి ఎవరన్న దాని మీద నడిచే మోసాలు. వీటి మీద కార్డు బాగా పనిచేస్తుంది. వచ్చింది అసలు మనిషే, కానీ రెండు రోజుల జ్వరానికి వారం రోజుల ఐసీయూ బిల్లు వేశారనుకోండి. లేదా మామూలు కాన్పును సిజేరియన్‌గా చూపించారు. లేదా ఒక ఆపరేషన్‌ను మూడు ప్యాకేజీలుగా (ప్యాకేజీ అంటే ఒక వైద్యానికి పథకం ముందే కట్టిన ధర) విడగొట్టారు. లేదా అసలు అవసరమే లేని ఆపరేషన్ చేశారు. ఇక్కడ మనిషి ఎవరన్న దాంట్లో తేడా లేదు, అబద్ధమంతా బిల్లులో ఉంది. చిప్‌కి కేస్ షీట్ చదవడం రాదు.

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 2008 ఏప్రిల్‌లో మొదలైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పేద కుటుంబాలకు ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు ఇచ్చేది. కుటుంబంలో ఐదుగురి దాకా చేర్చేవారు. నమోదు రుసుము 30 రూపాయలు. ఊళ్లోనే ఫొటో, వేలిముద్రలు తీసుకుని అక్కడికక్కడే కార్డు ముద్రించి చేతికివ్వాలన్నది నియమం. ఆసుపత్రిలో రీడరు, వేలిముద్ర యంత్రం ఉండేవి. చేరినప్పుడు ప్యాకేజీ మొత్తాన్ని కార్డులో బ్లాక్ చేసేవారు, డిశ్చార్జి అప్పుడు తీసుకునేవారు. మిగిలిన డబ్బు లెక్క చిప్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ క్షణానికి నెట్ లేకపోయినా పని నడిచేది. చదువు రాని మనిషి, పైసా చేతిలో లేకుండా, కాగితాలేవీ నింపకుండా ప్రైవేటు ఆసుపత్రిలో చేరగలిగాడంటే అప్పటికి అది చిన్న విషయం కాదు. ఈ డిజైన్‌ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు.

అందులో నాకు బాగా నచ్చింది ఫీల్డ్ కీ ఆఫీసర్ అనే ఏర్పాటు. నమోదు శిబిరంలో ప్రభుత్వ ఉద్యోగి ఒకరు తన సొంత కార్డు పెట్టి, తన వేలిముద్ర వేస్తేనే లబ్ధిదారుడి కార్డు తయారవుతుంది. ఎందుకింత పట్టుదల అంటే, బీమా కంపెనీకి ప్రీమియం వచ్చేది ఇచ్చిన కార్డుల లెక్క మీద. ఎన్ని కుటుంబాలు చేరితే అంత డబ్బు. అంటే మోసం చేసే అవకాశం పేషెంటుకీ ఆసుపత్రికీ మాత్రమే కాదు, కార్డులిచ్చే వాళ్లకీ ఉందని ఆ పథకం రాసినవాళ్లు ముందే ఊహించారు. ఆ ఆఫీసరు తన కార్డును ఆపరేటరు చేతిలో పెట్టి టీకి వెళ్లిపోతే ఆ ఏర్పాటుకి అర్థం ఉండదు, అది వేరే సంగతి.

మరి అక్కడ ఏం జరిగింది? 2012లో ఛత్తీస్‌గఢ్‌లోనూ, బిహార్‌లోని సమస్తిపూర్‌లోనూ ఈ పథకం కింద అవసరం లేకుండా ఆడవాళ్లకి గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు బయటికొచ్చాయి, విచారణలు జరిగాయి. అలాంటి కేసును కార్డు కోణంలో ఒక్కసారి చూడండి. కార్డు అసలుదే. వేలిముద్ర అసలుదే. ఆపరేషన్ కూడా నిజంగానే చేశారు. సిస్టమ్‌లో ఒక్క ఎర్ర లైటు కూడా వెలగదు.

ఇంకో సంగతి ప్రజెంటేషన్లలో ఎవరూ చెప్పరు. మిగిలిన డబ్బు కార్డులోనే ఉంటే, దాన్ని రీడరులో పెట్టగానే ఆసుపత్రి వాళ్లకి ఆ అంకె కనిపిస్తుంది. దురుద్దేశం ఉన్నవాడికి అది పర్సు తెరిచి చూపించినట్టే. కడుపునొప్పి అని వచ్చిన మనిషి కార్డులో ఎంత మిగిలిందో చూసి, దానికి సరిపోయే ప్యాకేజీ ఎంచుకుంటారు. నేను తనిఖీ చేసిన ఒక ఆసుపత్రిలో బిల్లులు రోగాన్ని బట్టి కాకుండా కార్డులో మిగిలిన మొత్తాన్ని బట్టి పెరిగాయి, తగ్గాయి. రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యేలా ఉంది. కాబట్టి కౌంటర్ తెర మీద మిగిలిన మొత్తం చూపించొద్దు. "ఈ ప్యాకేజీకి సరిపోతుంది" లేదా "సరిపోదు" అని మాత్రం రావాలి. టెండరులో ఈ ఒక్క వాక్యం రాయడానికి ఖర్చేమీ లేదు.

ఇక టెక్నాలజీ సంగతి. "స్మార్ట్ కార్డు" అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది, అందులో ఉన్నది ఉత్త మెమరీ చిప్పా, లేక ప్రాసెసర్ ఉన్న చిప్పా అని. రెండూ బయటికి ఒకేలా మెరుస్తాయి. మెమరీ చిప్ అంటే చిన్న డబ్బా లాంటిది. అందులో రాసింది చదవగలిగినవాడు ఇంకో కార్డులోకి కాపీ కొట్టగలడు. ప్రాసెసర్ చిప్‌లో ఒక రహస్య తాళంచెవి ఉంటుంది, అది ఎప్పుడూ బయటికి రాదు. రీడరు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న వేస్తుంది, చిప్ ఆ తాళంచెవితో లెక్కకట్టి జవాబు ఇస్తుంది. జవాబును ఎవరైనా దారిలో పట్టుకున్నా, తర్వాతి ప్రశ్న వేరు కాబట్టి అది పనికిరాదు. కార్డు నకలు చేయడం ఇక్కడ కష్టమవుతుంది. అలాగే కార్డు కూడా రీడరును పరీక్షించాలి. రీడరు లోపల ఇంకో భద్రతా చిప్ ఉండి, ఇది మన పథకం ఇచ్చిన రీడరే అని రుజువు చేసుకుంటేనే కార్డు తన సమాచారం చూపించాలి.

ఎంత మంచి చిప్ అయినా ఎప్పటికీ నిలబడుతుందని అనుకోకండి. ప్రయాణ కార్డుల్లో విపరీతంగా వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్ రహస్య లెక్కను 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఛేదించి చూపించారు. 2017లో ఎస్తోనియా గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడితే దాదాపు 7.5 లక్షల కార్డుల డిజిటల్ సర్టిఫికెట్లను నిలిపేసి సరిచేసుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఆ పని చేయగలిగారంటే, దూరం నుంచే కార్డును అప్‌డేట్ చేసే దారి ముందే పెట్టుకున్నారు కాబట్టి. మీ కంపెనీని ఇదే అడగండి: రేపు చిప్‌లో లోపం కనపడితే ఊరూరా తిరిగి కార్డులన్నీ వెనక్కి తీసుకోవాలా, లేక సరిచేసే మార్గం ఉందా? దానికి వాళ్లు నీళ్లు నమిలితే మీకు సగం విషయం అర్థమైనట్టే.

నిజానికి చిప్‌ని పగలగొట్టే దొంగలు చాలా అరుదు. అంత కష్టం దేనికి, కార్డే దర్జాగా సంపాదించవచ్చుగా? 2019 డిసెంబరులో జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు సరిగ్గా ఇదే నిరూపించారు. చిప్‌ని ముట్టుకోలేదు. ఇంకొకరి పేరు మీద ఇన్సూరెన్స్ కార్డు, డాక్టరు కార్డు, క్లినిక్ కార్డు ఆర్డరు చేసి తమకు కావాల్సిన చిరునామాకి తెప్పించుకున్నారు. కోట్లు పెట్టి కట్టిన భద్రతా వ్యవస్థకి దరఖాస్తు ఫారమే పెద్ద కన్నం అయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ కార్డు ఇచ్చేవాడే గుర్తింపు సరిగ్గా చూడకపోతే, చిప్ ఎంత గట్టిదైతే అంత గట్టిగా ఆ అబద్ధాన్ని కాపాడుతుంది.

నమోదు డేటా ఎలా చెడుతుందో చూడాలంటే మన ఆయుష్మాన్ భారత్ మీద 2023లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఇచ్చిన నివేదిక చాలు. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే మొబైల్ నంబరుకి జతై ఉన్నాయి. ఆ నంబరు ఏదో కాదు, వరసగా పది తొమ్మిదులు. గుర్తింపు తేల్చడానికి మొబైల్ నంబరు వాడటం లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది, అది నిజమే కావచ్చు. కానీ నా బాధ వేరు. "మీ పేరు మీద ఫలానా ఆసుపత్రిలో ఫలానా ఆపరేషన్ బిల్లు అయింది" అనే మెసేజ్ అసలు మనిషికి చేరాల్సింది ఆ నంబరుకే కదా. మోసం పట్టే చవకైన సాధనం అదే. పేషెంటుని మించిన ఆడిటరు లేడు, కానీ అతనికి ఏం బిల్లయిందో ఎవరూ చెప్పరు.

మంచి ఉదాహరణ కావాలంటే తైవాన్‌ని చూడండి. అక్కడ జాతీయ ఆరోగ్య బీమా 1995లో మొదలైంది. మొదట్లో కాగితం కార్డు ఉండేది, ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఒక గడిలో ముద్ర, ఆరు గడులు నిండితే కొత్త కార్డు. 2004 నుంచి పూర్తిగా చిప్ కార్డుకి మారారు. అక్కడ పని సాగింది చిప్ వల్ల మాత్రమే కాదు. పేషెంటు కార్డుతో పాటు డాక్టరుకీ సొంత కార్డు ఉంటుంది, రీడరులోనూ భద్రతా చిప్ ఉంటుంది. ప్రతి ఆసుపత్రీ ఆ రోజు చూసిన కేసుల వివరాలను 24 గంటల్లోపు కేంద్రానికి పంపాలి. దాంతో ఒకే మనిషి ఒకే వారంలో పదిచోట్ల డాక్టర్లకి చూపించుకుంటే నెలల తర్వాత కాదు, వెంటనే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో 1998లో వచ్చిన కార్త్ విటాల్‌లో కూడా ఇదే ఆలోచన ఉంది: పేషెంటు కార్డు, డాక్టరు కార్డు రెండూ పెడితేనే ఎలక్ట్రానిక్ క్లెయిమ్ తయారవుతుంది.

డాక్టరుకి కార్డు ఎందుకంటే, బిల్లుకి ఒక పేరు అంటుకుంటుంది. ఆసుపత్రి పేరు మీద వెళ్లే క్లెయిముకి ఎవరూ సమాధానం చెప్పరు. "అది బిల్లింగ్ సెక్షన్ చూసుకుంటుంది" అంటారు. సర్జన్ తన కార్డు పెట్టి సంతకం చేయాల్సి వస్తే, ఒకే సర్జన్ ఒకే రోజు రెండు ఊళ్లలో ఆపరేషన్లు చేసినట్టు చూపించడం ఆగిపోతుంది. మత్తు డాక్టరు కార్డు కూడా అడిగితే ఇంకా మంచిది. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, పేషెంట్లందరికీ కార్డులివ్వడం కంటే ముందు డాక్టర్లకే ఇస్తాను. వాళ్లు వేలల్లో ఉంటారు, పేషెంట్లు కోట్లలో ఉంటారు. ఖర్చు ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోండి.

వేలిముద్రల గురించి కొంచెం ఓపిగ్గా వినండి. రాళ్లు కొట్టేవాళ్లకి, బట్టలు ఉతికేవాళ్లకి, వయసు మీదపడ్డవాళ్లకి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒప్పుకోదు. ఆరోగ్య పథకం అవసరం ఎక్కువ ఉన్నది కూడా వీళ్లకే. అందుకని ప్రతి పథకంలోనూ మినహాయింపు దారి ఒకటి పెడతారు: వేలిముద్ర పడకపోతే కుటుంబంలో ఇంకొకరి ముద్రతోనో, ఆసుపత్రి వాళ్ల ధృవీకరణతోనో చేర్చుకోవచ్చని. ఇది ఉండి తీరాలి, లేకపోతే గుండెనొప్పితో వచ్చిన ముసలాయన కౌంటర్ దగ్గరే ఆగిపోతాడు. కానీ దొంగలు దూరేది కూడా ఇక్కడి నుంచే. దీనికి మందు ఏమిటంటే, ఆ దారిని మూయకుండా లెక్క పెట్టడం. ఏ కౌంటర్‌లో, ఏ ఆపరేటర్ లాగిన్‌లో మినహాయింపులు ఎన్ని అన్నది వారం వారం చూడాలి. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో నూటికి ఐదు కేసులు అలా వస్తుంటే ఒకచోట నలభై వస్తే, అక్కడి జనం వేళ్లే అరిగిపోయాయని అనుకోలేం కదా.

ఇప్పుడు నేను స్వయంగా చూసింది ఒకటి. ఒక ఆసుపత్రిలో కార్డుల రికార్డులన్నీ సక్రమంగా ఉన్నాయి. చేరినప్పుడు ముద్ర ఉంది, డిశ్చార్జికి ముద్ర ఉంది. క్లెయిములు ఏ అడ్డూ లేకుండా పాసవుతున్నాయి. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ముద్రలు పడిన టైములు మాత్రం వరసగా పేర్చింది. వారంలో ఐదు రోజులు డిశ్చార్జిలే లేవు. శనివారం సాయంత్రం గంటలోపు ముప్పైకి పైగా. వెళ్లి చూస్తే కౌంటర్ సొరుగులో కార్డులు రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలుగా ఉన్నాయి. ఊళ్లలో ఉచిత క్యాంపు అని చెప్పి జనాన్ని వ్యానులో తెచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకుని ఇంటికి పంపేవారు. శనివారం మళ్లీ తెచ్చి రెండో ముద్ర. మధ్యలో ఐదు రోజులు "వార్డులో ఉన్నట్టు" బిల్లు. జనానికి ఏమీ తెలియదు. బీపీ చూశారు, మాత్రలిచ్చారు, దారి ఖర్చులు ఇచ్చారు అని సంతోషంగానే చెప్పారు.

అందుకే రెండు ముద్రలు సరిపోవు. ఇన్‌పేషెంటుగా ఉన్నన్ని రోజులు రోజుకోసారి, అదీ ముందుగా తెలియని టైములో, మంచం దగ్గరే కార్డు పెట్టే చిన్న యంత్రం ఉండాలి. పేషెంటు కార్డు పేషెంటు దగ్గరే ఉండాలి, ఆసుపత్రి వాళ్లు ఉంచుకోవడం నేరమని కార్డు మీదే అచ్చువేయాలి. డిశ్చార్జి రోజు ఏ వైద్యానికి ఎంత బిల్లు అయిందో పేషెంటు భాషలో చీటీ ఇవ్వాలి. టైములు వరసగా పేర్చి చూసే పనిని కంప్యూటరుకి అప్పగించాలి. కానీ సొరుగు తెరిచి చూడటానికి మనిషే వెళ్లాలి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

అసలు చిప్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. 2018లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన స్థానంలో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో చిప్ కార్డు లేదు. ఆన్‌లైన్‌లో ఆధార్ లాంటి గుర్తింపుతోనే పని సాగుతుంది. నెట్‌వర్క్ గట్టిగా ఉండి, నమ్మదగిన గుర్తింపు వ్యవస్థ అప్పటికే ఉంటే ఇంకో కార్డు పెట్టడం రెండో తాళం వేయడం లాంటిది. తాళంచెవి పోగొట్టుకునే అవకాశం మాత్రం రెట్టింపవుతుంది. నెట్ రాని చోట్ల, గుర్తింపు వ్యవస్థే లేని చోట్ల చిప్‌కి ఇప్పటికీ విలువుంది.

పెట్టాలనే నిర్ణయిస్తే ఒప్పందంలో గట్టిగా పట్టుబట్టాల్సినవి: రహస్య తాళంచెవులు కంపెనీ దగ్గర కాక ప్రభుత్వ సంస్థ దగ్గరే ఉండాలి, డేటా ఫార్మాట్ (డేటాని ఏ రూపంలో రాసి ఉంచుతారన్నది) మీ సొంతం కావాలి. లేకపోతే ఐదేళ్ల తర్వాత వాళ్లని మార్చలేరు. పోయిన కార్డును ఎన్ని గంటల్లో అన్ని రీడర్లలోనూ చెల్లకుండా చేస్తారు, కొత్తది ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆ మధ్యలో మనిషికి జబ్బు చేస్తే ఏం చేయాలి అన్నది రాతపూర్వకంగా ఉండాలి. ఆఫ్‌లైన్‌లో జరిగిన లావాదేవీ ఎన్ని గంటల్లో సర్వరుకి చేరకపోతే ఆ క్లెయిమ్ ఆగిపోతుందో కూడా. ఇక చెల్లింపు కార్డుకింత అని పెట్టకండి. అలా పెడితే కార్డులు మాత్రం లక్షల్లో తయారవుతాయి. చెల్లింపులో కొంత భాగాన్ని, మొదటి ఏడాదిలో ఇళ్లకి వెళ్లి చేసే నమూనా తనిఖీలో కార్డు అసలు మనిషి చేతిలోనే ఉందని తేలిన తర్వాతే ఇవ్వండి.

టెండరు పిలిచే ముందు ఒక పని చేయమంటాను. మీ దగ్గర గత ఏడాది మోసమని తేలిన క్లెయిములు ఉంటాయి కదా, వాటిలోంచి ఏ వరుసా లేకుండా ఒక మూడు వందలు తీయండి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్నకి జవాబు రాయండి: కౌంటర్ దగ్గర చిప్ కార్డు, వేలిముద్ర ఉండి ఉంటే ఇది ఆగేదా? ఇద్దరు మనుషులు, నాలుగైదు రోజుల పని. "ఆగేది" అన్నవి సగం దాటితే కంపెనీ వాళ్లని పిలిచి మాట్లాడండి. మూడో వంతు కూడా లేకపోతే ఆ బడ్జెట్‌తో ముందు వార్డులు తిరిగే తనిఖీ డాక్టర్లని వేసుకోండి, కార్డు సంగతి వచ్చే ఏడాది చూడొచ్చు. ఆ లెక్క ఇక్కడ పెడితే, ఏ రకం మోసానికి ఏ చెక్ పెట్టాలో ఒక్కోటీ చూసి చెప్తాను.